గడ్డివామి: పశుపాలకుల చరిత్రలో దాని స్థానము

యాదవ చరిత్రమును గూర్చి యొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకులు మమ్ము కోరిరి. మన పూర్వుల వంశవృక్షములను గూర్చియు, బిరుదావళులను గూర్చియు పెద్దలు పలుమారు వ్రాసియున్నారు. చర్వితచర్వణము మాకు రుచింపలేదు. కావున రాజులను, రాజ్యములను కొంతసేపు ప్రక్కనుంచి, మన మందలు దేనిని మేసి బ్రదికినవి, మేత దొరకని కాలమున వాని గతి యేమైనది యను ప్రశ్నను చేపట్టితిమి. ఇది చిన్న ప్రశ్నగా తోపవచ్చును. కాని పశుపాలకుల యున్నతికిని, పతనమునకును మూలము మాకు పెక్కుచోట్ల నిందే కనబడినది.

అమరకోశమున ఘాసము, యవసము అను రెండు పదములును పశువుల మేతకు పర్యాయములుగా చెప్పబడినవి. లేతగడ్డికి శష్పమని వేరొక పేరు. ధాన్యము రాల్చిన పిదప మిగిలిన గడ్డి పలాలము. ఇన్ని పేరు లుండుటయే మన పూర్వులు తృణమును తృణప్రాయముగా చూడలేదనుటకు సాక్ష్యము. కౌటిల్యుని యర్థశాస్త్రమున గోవులపై నధికారియగు గోఽధ్యక్షునకు నొక ప్రకరణమును, పచ్చికబీళ్లపై నధికారియగు వివీతాధ్యక్షునకు వేరొక ప్రకరణమును గలవు. భాగవతమున నందాదులు గోకులమును విడిచి బృందావనమునకు తరలుటకు ఉత్పాతముల వలని భయ మొక కారణము కాగా, అచ్చటి పచ్చిక మరియొక కారణము.

మేత తరిగినప్పుడు పశుపాలకునకు రెండే మార్గములు. మందను మేతకడకు తోలుకొనిపోవుట యొకటి. మేతను ముందుగా కోసి దాచి మందకడకు తెచ్చుట రెండవది. మొదటిది సంచారము, రెండవది సంచయము. మన కులచరిత్రము చాలవరకు సంచారచరిత్రము. సంచయమును గూర్చి మనము తక్కువగా తలచితిమి. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది యింతియే.

కాటమరాజు కథ తెలియని యిల్లు మనలో నుండదు. క్రీస్తుశకము 13వ శతాబ్దమునకు చెందినదిగా పండితులు తలచెడి యీ కథను గాయకులు తరతరములుగా పాడుచు వచ్చిరి. తంగిరాల వేంకట సుబ్బారావుగారు ఆ పాటలను సేకరించి పరిష్కరింపగా 1970వ దశకమున నవి గ్రంథరూపమున వెలువడినవి. కథ యిట్లున్నది. అనావృష్టిచే మేత లేక కాటమరాజు తన యాలమందలను దక్షిణమునకు తోలుకొనివచ్చి, నెల్లూరు ప్రభువైన నల్లసిద్ధితో నొడంబడిక చేసికొనెను. ప్రభువు పచ్చికను, నీటిని విడువవలెను. అందులకు మారుగా మందలో పుట్టిన కోడెదూడలు ప్రభువునకు చెందవలెను. ఆ యొడంబడిక చెడినది. మాట మాట పెరిగి, పాలేటి యొడ్డున ఎఱ్ఱగడ్డపాటికడ యుద్ధమైనది. నల్లసిద్ధి పక్షమున ఖడ్గతిక్కన పోరి మడిసెను. ఇరువాగులందును వీరులు పెక్కండ్రు కూలిరి.

బాల్యమున మే మీ కథను తెల్లవారువరకు గూర్చుండి వినియుంటిమి. గాయకుడు కత్తుల మెఱపును వర్ణించునపుడు సభ యెల్ల నుప్పొంగెడిది. పద్మనాయకులవలె, పలనాటివారివలె మనకును యుద్ధకథ గలదని పెద్దలు మీసములు దువ్వెడివారు. ఆ సమయమున ఆల కేమి దొరకెనని యడిగినవారు మాత్రము మాకు కనబడలేదు. ఆ కథకు మూలము శౌర్యము కాదు, గడ్డి. గడ్డి లేకపోవుటచే మంద కదలినది. గడ్డి యొరుల దగుటచే ఒడంబడిక కావలసివచ్చినది. గడ్డికి వెల కట్టుటలో తగవు పుట్టినది.

ఇందులకు కాటమరాజును తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. వేలకొలది యాలుగల మంద గడ్డివామిని వెంటబెట్టుకొని నడువజాలదు. సంచారికి దేశమే వామి. ఒకచోట వాన తప్పినచో మరియొకచోట పడును. దేశము తెరచియున్నంతకాలము సంచారమును మించిన యుపాయము లేదు. దారులు మూసుకొనిపోయిన నాడే యా యుపాయము చెడును.

మన దేశమున నా దారులు క్రమముగా మూసుకొనినవి. పుల్లరి యను మాటలో పులు అనగా గడ్డి, అరి యనగా పన్ను. ఆ పన్ను ప్రాచీనమైనదే. అయినను 1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిమ్మట అడవులు హద్దులు వేయబడి, తాతలనాటినుండి మేపుకొనిన చోట్లకు రుసుము చెల్లింపవలసివచ్చినది. అంతకు ముందే, 1876 మొదలు 1878 వరకు నడచిన ధాతకరువులో దత్తమండలములు మొదలగు చోట్ల పశువులు లెక్కకు మిక్కిలిగా చచ్చెను. ఇండ్లమీది కప్పుగడ్డి పెరికి పశువులకు వేసిరి. నాగజెముడు మట్టల ముళ్లు కాల్చి మేపి చూచిరి. పలనాటిలో పుల్లరి చెల్లింపమని నిలిచిన కన్నెగంటి హనుమంతుగారు 1922 ఫిబ్రవరిలో మించాలపాటికడ తుపాకిగుండ్లకు బలియైరి. కాటమరాజునకును హనుమంతునకును నడుమ ఆఱు శతాబ్దములకు పైగా గడచినవి. తగవు మాత్రము గడ్డితగవే.

మేత కొరతచే దెబ్బతిని పాఠము నేర్చుకొనినవారు మరెందైన గలరా యని మేము వెదకితిమి. మాకు దొరకిన యుదాహరణము మన దేశమున లేదు. అది అమెరికా సంయుక్త రాష్ట్రముల వాయవ్యభాగమున, మోంటానా, వయోమింగ్, డకోటా ప్రాంతములందు జరిగినది. అచ్చట మేత లోపించు కాలము గ్రీష్మము గాదు, శీతకాలము. కార్తిక మార్గశిరములనుండి చైత్రమువరకు నేల మంచుక్రింద మునిగియుండును. గడ్డి పెరుగుట యుండదు.

ఆ బయళ్లు మొదట నచ్చటి యాదిమజాతులవి. వాని నడుమ అడవిదున్నలవంటి బైసనులు లక్షలకొలది మేయుచుండెను. 1883 నాటికి వేటగాండ్రు బైసనులను దాదాపు నిర్మూలించిరి. ఆదిమజాతులు కొలది నేలలకు నెట్టబడిరి. ఖాళీయైన బయళ్లపైకి టెక్సస్‌నుండి పశువుల మందలు తోలబడినవి. ఇంగ్లాండు, స్కాట్లండు దేశముల ధనికులు మూలధనము పెట్టిరి. గడ్డికి వెల లేదు, కంచె లేదు, కొట్టము లేదు. మంద యంతయు బయటనే శీతకాలము గడపును. బైసను బ్రదికినచోట ఆవు మాత్రము బ్రదుకదాయని వారి తర్కము. బైసను తన పెద్ద తలతో మంచును త్రోసి క్రిందిగడ్డిని మేయునని, ఆవున కా నేర్పు లేదని వారు గమనింపలేదు. కొన్ని యేండ్లు శీతము తేలికగా గడచుటచే భ్రాంతి బలపడినది. మందలు పెరిగి పచ్చిక పలచబడినది.

1886 వేసవి యనావృష్టితో గడచినది. గడ్డి యెదుగక మునుపే యెండినది. నవంబరునుండియే మంచు పడసాగినది. 1887 జనవరిలో తెరపి లేని మంచుతుపానులు వచ్చినవి. శీతము సున్నకు దిగువ 40 డిగ్రీల దరిదాపునకు దిగినది. నడుమ కొంచెము వెచ్చనిగాలి వీచి పైమంచు కరగి, మరల గడ్డకట్టి, నేలపై గాజుపలకవలె పెంకు కట్టినది. పశువులు గిట్టలతో నా పెంకును పగులగొట్టబోయి కాళ్లు గీరుకొని నెత్తురోడ్చినవి. గాలికి వెన్నిచ్చి నడచి నడచి లోయలలో గుంపులు గుంపులుగా కూలినవి. వసంతమున మంచు కరగినపుడు లిటిల్ మిస్సోరి నదిలో కళేబరములు కొట్టుకొనిపోయినవి.

పిమ్మట 1901లో ఆ దేశాధ్యక్షుడైన థియొడోర్ రూజ్వెల్టునకు డకోటాలో నొక మంద యుండెను. అందు సగమునకు మించి నశించినది. పలుచోట్ల ఇదే గతి. పెద్ద కంపెనీలు కొన్ని 1887లోనే దివాలా తీసినవి. మోంటానాలో చార్లెస్ రసెల్ అను యువకుడగు కాపరి యుండెను. మంద యెట్లున్నదని యజమానియొద్దనుండి యుత్తరము రాగా, జాబునకు మారుగా నాతడు పోస్టుకార్డంత కాగితముపై మంచులో నిలిచిన యొక బక్కయావు చిత్రమును వ్రాసి పంపెను. ఎముకలు తేలిన యా యావు చుట్టు తోడేళ్లు పొంచియుండును. ఆ చిత్రమువలననే యాతడు చిత్రకారుడుగా ప్రసిద్ధికెక్కెను. గ్రాన్‌విల్ స్టూవర్టు అను మోంటానా పశుపాలకుడు మాత్రము తాను మేపి కాపాడజాలని పశువును మరల నెన్నడును గలిగియుండ గోరనని తన స్మృతులలో వ్రాసికొనెను. ఈ మాటను మేము చదివిననాడు పుస్తకము మూసి చాలసేపు గూర్చుండిపోతిమి. అది వ్యాపారి మాట కాదు, గోపాలకుని మాట.

ఆ దెబ్బతో నా దేశస్థులు సంచయమునకు మరలిరి. కంచెలు వేసిరి, ఏటియొడ్డు నేలలకు నీరు పారించి, వేసవిలో గడ్డి కోసి దాచిరి. వారి యెండుగడ్డికిని, మన వరిగడ్డికిని భేదము గలదు. మనది గింజ రాల్చిన పలాలము. సారమంతయు గింజలోనికి పోయినది. వారిది పూతకు వచ్చు సమయమున పచ్చిగా కోసి యెండబెట్టిన గడ్డి. సార మందే నిలుచును. తడి యుండగా వామి వేసినచో లోన వేడిపుట్టి బూజుపట్టును. ఒక్కొక్కప్పుడు తనంతట తానే యంటుకొని కాలిపోవును. అందుచే నూటికి 15 నుండి 18 పాళ్లకు తేమ దిగినగాని దాచరు.

500 కిలోల బరువుగల యావు దినమునకు 10 నుండి 12 కిలోల యెండుగడ్డి తినును. 180 దినముల శీతకాలమునకు ఒక్కొక్క యావునకు 2 టన్నులు కావలెను. నూరావుల మందకు 200 టన్నులు. మఱియు గడ్డి కడుపులో పులియునపుడు వేడి పుట్టును. గడకట్టు చలిలో ఆవునకు గడ్డియే కంబళి. మోంటానాలోని బిగ్‌హోల్ లోయలో గడ్డి నెత్తి వామి వేయుటకు వాలుకొయ్యలతో కట్టిన యొక సాధనమునకు 1910లో పేటెంటు లభించినది. దానిచే లేచిన వాములు లోయ నిండుటచే నది పదివేల వాముల దేశమని పేరొందినది. శీతకాలమున గుఱ్ఱములు లాగు జారుడుబండిపై గడ్డి నెత్తుకొని, మంచుబయలిలో చాలువుగా విదలించుచు పోగా మంద వెనువెంట మేయుచు వచ్చును.

పిమ్మట వామి మోపుగా మారినది. 1947లో ఆలిస్ చామర్స్ సంస్థ చిన్న గుండ్రని మోపులు చుట్టు యంత్రమును అమ్మకమునకు తెచ్చెను. 1970వ దశకారంభమున అయోవా రాష్ట్రమున వెర్మీర్ సంస్థ టన్నుల లెక్కన తూగు పెద్దమోపుల యంత్రమును వెలువరించెను. గుండ్రని మోపుమీద పడిన వాన చాలవరకు జారిపోవును; నలుగురు చేయు పనిని ఒక్కడు చేయవచ్చును.

అచ్చటి రైతులలో కొందఱు ఇటీవల మరియొక పద్ధతి నవలంబించుచున్నారు. మోపులను కొట్టమునకు చేర్పక, మంచు పడకమునుపే పచ్చికబయలిలోనే, చవిటిగానుండి గడ్డి సరిగా మొలవనిచోట్ల, వరుసలుగా నుంచెదరు. శీతకాలమున విద్యుత్తీగ కంచెను కొలదికొలదిగా జరుపుచు, కొన్ని మోపులచొప్పున మందకు విడుతురు. ఆవు తిన్న మేతలోని నత్రజనిలో స్వల్పభాగమే దాని శరీరమున నిలుచును. మిగిలినది పేడగను, మూత్రముగను నేలకు చేరును. కెనడాలో సస్కాచువాన్ రాష్ట్రమున లానిగన్‌కడ జరిగిన క్షేత్రపరీక్షలలో, మంద శీతకాలము మేసిన బయలులో గడ్డి, దొడ్డియెరువు నెత్తుకొనిపోయి చల్లిన చోటికంటె మిక్కుటముగా పెరిగినట్లు తేలినది.

ఈ సంగతి చదివినపుడు మాకు నవ్వును, గర్వమును గూడ కలిగినవి. కోత యైన పిదప రైతులు గొల్లలను పిలిచి తమ పొలములలో మంద కట్టించుకొనుట, రాత్రికింతయని ధాన్యమో, రొక్కమో యిచ్చుట మన మెఱుగనిదా? మంద నిలిచిన మడిలో మరుసటి పైరు నల్లగా లేచుట మన తాతలు చూడనిదా? వారు పరీక్షలచే తెలిసికొనిన దానిని మనము వాడుకచే నెఱుగుదుము. మనకు లేనిది వారి మోపు; వారికి క్రొత్తగా తెలిసినది మన మంద. రెండును గలసినగాని విద్య పూర్ణము గాదు.

మన నేలనుండి వెడలిన పశువుల కథ గూడ నిందులకు తోడుపడును. ఒంగోలు జాతి పశువులు 19వ శతాబ్దమునుండి బ్రెజిలు దేశమునకు ఓడలపై పోయినవి. ప్రకాశం జిల్లాలోని కరవది గ్రామనామము ధరించిన యాబోతు 1960వ దశకారంభమున నచ్చట కాలుమోపినది. నెల్లూరి పేరుమీదుగా నా జాతిని వారు నెలోర్ అందురు. నేడు బ్రెజిలు మాంసపశువులలో నధికభాగ మా జాతిదే. కాటమరాజు గడ్డికై చేయి చాచిన నెల్లూరి పేరే, సముద్రములు దాటిన యాలమందల పేరైనది! అచ్చటను శీతకాలము వానలేని కాలము. మే మొదలు సెప్టెంబరువరకు పచ్చిక యెండిపోవును. వానలలో బలిసి, శీతకాలమున చిక్కు పశువునకు వారు హార్మోని తిత్తివంటి యెద్దని పేరు పెట్టిరి. ఆ తిత్తి మూయకుండుటకై, వానలు ముగియుటకు ముందే కొన్ని బయళ్లను మేపకుండ మూసియుంచి, ఆ నిలువుగడ్డిని శీతకాలమునకు దాచుకొందురు. మాంసకృత్తులు గల దాణాను దానికి జతచేసెదరు. ఇదియు సంచయమే, వామి నేలమీదనే నిలిచియున్నది.

ఇక మన యిండ్లకు వత్తము. మా చిన్ననాట పుష్యమాసమున వామి వేయుట యొక పండుగ. నేలతేమ తగులకుండ అడుగున రాళ్లు, తాటిమట్టలు పరచి, గడ్డికట్టల వెన్ను లోనికుండునట్లు పేర్చి, నీరు జారునట్లు పైని గోపురముగా తీర్చెడివారు. జొన్నచొప్ప వేరుగా నిలిపెడివారు. ఉలవపొట్టు గాదెలో దాచెడివారు. పిల్లనిచ్చువారు వచ్చినచో ధాన్యపుగాదెకు ముందు గడ్డివామిని చూచెడివారు. వామి పెద్దదైన యింట పాడి యున్నదనియు, పాడియున్న యింట పిల్ల సుఖపడుననియు వారి లెక్క.

నేడు వరికోత యంత్రము గింజను గ్రహించి గడ్డిని చేలో చల్లిపోవుచున్నది. దానిని చుట్టు యంత్రములు మన పల్లెలకును వచ్చినవి. అయినను పెక్కుచోట్ల తరువాతి పంటకు వేళ మించునని గడ్డికి నిప్పు పెట్టుచున్నారు. అదే యూరి పశువులకు చైత్రమునుండి తొలకరివరకు మేత లేక, ఉన్నవారు దూరమునుండి గడ్డి కొనుచున్నారు. లేనివారు పశువులను సంతకు తోలుచున్నారు. మార్గశిరమున కాల్చిన దానినే వైశాఖమున వెదకుట మనకు తగునా? బీళ్లు సేద్యములైనవి, దారులు కంచెలైనవి; సంచారమునకు చోటు తగ్గినది. మోంటానావారికి 1887లో వచ్చిన దినము మనకు మెల్లమెల్లగా వచ్చియున్నది. మంచు పడలేదు గనుక మనము గుర్తింపలేదు.

కావున మహాసభవారికి మాదొక విన్నపము. మన పశువు సుమారు 350 కిలోలది. దినమునకు 7 లేక 8 కిలోల యెండుమేత తినును. నూరు దినముల కొరతకాలమునకు ఒక్కొక్కదానికి ముప్పాతిక టన్ను చాలును. నూరు పశువులుగల పల్లెకు 75 టన్నులు. కోతకాలమున, గడ్డి కారుచౌకగా నున్నపుడు, ఆయా గ్రామసంఘములు మోపులు కొని మెరకనేలపై కప్పుక్రింద నుంచి, వేసవిలో కొన్న వెలకే పేదకాపరుల కీయవచ్చును. వరిగడ్డి యొక్కటియే చాలదు. చొప్పయు, ఉలవపొట్టును, కొంత తెలకపిండియు చేర్పవలెను. ఆ మేత నింటికడగాక పొలములోనే వేసినచో నేలయు బాగుపడును. దాతలు మహాసభకిచ్చు ధనమున కొంత తోరణములనుండి తప్పించి యిందులకు మరల్చినచో, శిలాఫలకముపై పేరుకంటె చిరకాలము నిలుచు పుణ్యమగును.

కాటమరాజును పాడుకొందము, ఆ పాట మనది. కాని పాట ముగిసిన పిమ్మట ఒక్కమారు లేచి దొడ్డివైపు చూతము. మందకు రేపటి మేత గలదా? ఉన్నచో మన మెవ్వరి ప్రాపును కోరనక్కరలేదు. లేనిచో నల్లసిద్ధి పేరు మారును గాని, ఒడంబడిక మారదు.

శుభమస్తు.